ఫిర్యాదు తేలేదాకా కాఫీ లేదు

ఈ సైటులో సవరణ ఎప్పుడూ వ్యాసానికి పైనే ఉంటుంది. చదివేవారు ముందు తప్పును చూసి, ఆ తరువాతే రాతను చూడాలన్నది మా సంపాదకుని నియమం. దాన్ని గౌరవించి నేనూ సవరణతోనే మొదలుపెడుతున్నాను. ఆయన పోవడానికి ముందు ఆయనను ఇల్లు ఖాళీ చేయమని నేను అన్నానని, మాకు మాటామాటా పెరిగిందని, అందుకే చివరి రోజుల్లో ఆయన నా గడప తొక్కలేదని మా వీధిలో చెప్పుకుంటున్నారు. ఈ సైటు వ్యాఖ్యల్లో కూడా ఒకరిద్దరు అదే రాశారు. నేను ఆయనను ఖాళీ చేయమనలేదు. మాకు తగవు రాలేదు. ఆయన నా గడప తొక్కలేదన్న మాట మాత్రం నిజం. దానికి కారణం వేరు.

మా సంపాదకుడు పోయారు. ఆ ఉదయం ఆయన మెట్లు దిగుతుండగా నేను వరండాలో పేపరు చదువుతున్నాను. మూడో మెట్టు మీద ఇంటి చెప్పులు విడిచి బూట్లు తొడుక్కున్నారు. చేతిలో చిన్న సంచి ఉంది. నన్ను చూసి తల ఊపారు. నేనూ తల ఊపాను. ఊరికి వెళుతున్నారనుకున్నాను. మధ్యాహ్నం ఆయన తమ్ముడు ఫోను చేసి, "మేడం, మా అన్న లేడు" అన్నారు. "అవునండీ, పొద్దునే బయటికి వెళ్లారు" అని జవాబు చెప్పాను. ఆయన నెమ్మదిగా విడమరిచి చెప్పారు: ఎల్‌బీ నగర్ దగ్గర దవాఖానకు ఒంటరిగా వెళ్లారట, గుండె పరీక్షకు వరుసలో కూర్చుని ఉండగానే ప్రాణం పోయిందట.

చదివేవారికి తెలియవలసిన సంగతులు కొన్ని ముందే చెప్పడం ఇక్కడి పద్ధతి. నేను ఆయన ఇంటి యజమానురాలిని. దిల్‌సుఖ్‌నగర్ వెనకవీధిలో మా మేడ పైవాటా ఆయనకు అద్దెకిచ్చాను. అందులో ముందుగది ఆఫీసు, వెనకగది ఆయన నివాసం. భార్య చాలాకాలం క్రితమే పోయింది. నేను మహిళా కళాశాలలో రసాయనశాస్త్రం బోధించి రిటైరయ్యాను. పెళ్లి చేసుకోలేదు. నా ఇల్లు నేనే కట్టించుకున్నాను. ఈ సైటుకు వచ్చే పాఠకుల ఫిర్యాదులను విచారించి తీర్పు చెప్పేది నేనే. అందుకు నాకు జీతం లేదు.

ఈ పని నాకు ఎలా అంటుకున్నదో చెప్పాలి. ఆయన పైవాటాలోకి వచ్చిన కొత్తలో, ఫోను బ్యాటరీని అప్పుడప్పుడూ పూర్తిగా ఖాళీ చేసి మళ్లీ నింపితే ఎక్కువకాలం మన్నుతుందని ఒక వ్యాసంలో రాశారు. పాతకాలపు బ్యాటరీలకు అది చెల్లుతుంది. ఇప్పటి ఫోన్లలోని లిథియం బ్యాటరీలకు అది చేటు. ఎందుకో వివరంగా ఒక కాగితం మీద రాసి, సంతకం చేసి, ఆయన తలుపు సందులోంచి లోపలికి తోసి వచ్చాను. గంట తిరగకుండా కాగితం పట్టుకుని కిందికి దిగివచ్చారు.

"మేడం, గిది మీరే రాసిన్రా?"

"కింద పేరు పెట్టాను కదండీ."

"పెట్టిన్రు. మీరు రాసిందే కరెక్టు. చూడుండ్రి." తన ఫోను నా ముందు పెట్టారు. వ్యాసం నెత్తిన నాలుగు వాక్యాల సవరణ అప్పటికే ఉంది.

"ఇంత పైన ఎందుకండీ? కింద చిన్నక్షరాలతో వేస్తారు కదా అందరూ."

"సగం చదివి దుకాణంకు పోయెటోడు కిందిదాక రాడు మేడం. వాని కోసమే పైన పెట్టాలె."

ఆయన అంతకుముందు ఒక పత్రికలో జిల్లా పేజీలు చూసేవారు. ఆ పేజీలు మూతపడ్డాక ఈ సైటు పెట్టుకున్నారు. ఫోన్లు, ఇన్వర్టర్లు, నీళ్ల ఫిల్టర్లు, కరెంటు స్కూటర్లు, ఏది కొనాలో ఏది కొనకూడదో అర్థమయ్యే తెలుగులో చెప్పే సైటు. నా కాగితం వచ్చిన మరునాడు మళ్లీ దిగివచ్చి, వరండాలో నిలబడే అడిగారు.

"నాకు భయపడనోళ్లు ఒకరు కావాలె మేడం. నా దగ్గర రాసేటోళ్లిద్దరు నా జీతం తింటరు, నా మీద తీర్పు జెప్పలేరు. మీరు నా కిరాయి తింటరు. నేనే మీకు భయపడాలె."

ఆ తర్కంలో నాకు లోపం కనిపించలేదు. ఒప్పుకున్నాను. అయితే ఒక షరతు పెట్టాను: నా తీర్పును ఆయన మార్చకూడదు, ఆలస్యం చేయకూడదు. ఆయన ఇంకో అడుగు ముందుకు వేసి, ఏ వ్యాసం నెత్తినైనా సవరణ పెట్టే అధికారం సైటులో నా పేరిట విడిగా ఏర్పాటు చేశారు. ఎలా పెట్టాలో ఓపికగా నేర్పించారు. "నన్ను గూడ అడగకుండ్రి," అన్నారు. "అడిగితే నేను బతిమాలుత."

ఆయన నా చేతి కాఫీ తాగడం అప్పుడే మొదలైంది. సాయంత్రం కాఫీ కలిపాక, మెట్ల ఇనుప కమ్మీ మీద చెంచాతో కొట్టేదాన్ని. ఆ చప్పుడు కమ్మీ వెంట పైదాకా వెళ్లేది. ఇంటి చెప్పులు మూడో మెట్టు మీదే విడిచి దిగేవారు. ఆయనది టీ తాగే ప్రాంతం.

"మీ కాఫీ కషాయం లెక్కుంటది మేడం."

"అయితే మానేయండి."

"అలవాటైంది. ఇది గూడ సైటుల రాయాలె. ఫిర్యాదులు చూసే మేడం చేతి కాఫీ మా ఎడిటర్ దినాం తాగుతడు అని."

"రాయండి. చాలా బాగుంటుందని కూడా రాయండి."

"అది అభిప్రాయం మేడం. పరీక్షిస్తే గాని రాయరాదు."

నవ్వులాటకు అన్నారనుకున్నాను. మరునాడు చూస్తే 'మా గురించి' అనే పేజీలో ఆ వాక్యం ఉంది. నేను అద్దె పెంచిన ఏడాది ఆ సంగతి కూడా అక్కడ చేరింది: ఇంటి అద్దె పెరిగిందనీ, అదే నెలలో మేడం తీర్పు మాకు వ్యతిరేకంగా వచ్చిందనీ, రెంటికీ సంబంధం లేదనీ. "నా ఇంటి సంగతులు లోకమంతటికీ ఎందుకండీ?" అని కోపం చేశాను. "రేపు ఎవరన్న ఈ ముచ్చట బైటపెడితే అది రహస్యం అయితది మేడం. మనమే చెప్తే వట్టి ముచ్చట," అన్నారు.

ఒక దీపావళికి ఒక కంపెనీ వారు మిఠాయి డబ్బా పంపారు. పైన మిఠాయి, అడుగున ఖరీదైన ఇయర్‌ఫోన్లు. డబ్బా మొత్తాన్నీ తిప్పి పంపేశారు. "మిఠాయి ఉంచుకోవచ్చు కదండీ" అన్నాను. "తిన్నంక వాళ్ల ఫోను మీద రాసేటప్పుడు నోరు తీపిగుంటది మేడం" అన్నారు. ఆ సాయంత్రం చక్కెర లేకుండా కాఫీ అడిగారు. అది వేళాకోళమో నిజమో నాకు నేటికీ తెలియదు.

నాకు నచ్చని నియమం ఒకటుంది. ఆయన రాసినదాని మీద ఫిర్యాదు వస్తే, అది తేలేదాకా నా ఇంట్లో కాఫీ తాగరు. మెట్ల మీద ఎదురుపడితే తల ఊపడమే. నేను అడగవలసింది రాసి పంపాలి, ఆయన రాతలోనే జవాబివ్వాలి.

"ఇది చిన్నపిల్లల ఆటలా ఉందండీ," అన్నాను మొదటిసారి.

"తీర్పు చెప్పేటోళ్లింట్ల కాఫీ తాగి బైటికొస్తే చూసేటోళ్లు ఏమనుకుంటరు?"

"మన మెట్ల మీద చూసేవాళ్లు ఎవరండీ?"

"నేను చూస్త గద మేడం."

ఈ నియమానికి ఒకే మినహాయింపు ఉండేది. మా సంపులోంచి నీళ్లు పైట్యాంకుకు ఎక్కించే మోటారు స్విచ్చు కింద నా వరండాలో ఉంటుంది. ట్యాంకు నిండిన చప్పుడు పైన ఆయనకే వినిపిస్తుంది. పిట్టగోడ మీద నుంచి వంగి, "నిండింది మేడం" అనేవారు. నేను కట్టేసేదాన్ని. మోటారు ముచ్చట ఫిర్యాదు కిందికి రాదని ఆయనే తేల్చారు. కాబట్టి ఫిర్యాదు రోజుల్లో మా మధ్య నడిచిన మాట అదొక్కటే.

ఫిర్యాదు తేలిన రోజున సవరణ పెట్టి, కమ్మీ మీద చెంచాతో కొట్టేదాన్ని. తీర్పు ఆయనకు అనుకూలమైనా ప్రతికూలమైనా, దిగివచ్చి గ్లాసు అందుకుని ముందు అదే అనేవారు: "ఇయ్యాల కషాయం జర చిక్కగున్నది." నేను తొందరపడి తీర్పు చెప్పినదెన్నడూ లేదు. కాని విచారణ సాగుతున్నన్నాళ్లూ సాయంత్రాలు పొడుగ్గా ఉండేవని దాచడం ఈ పేజీలో తగదు.

ఇక చివరి వ్యాసం. పెద్ద అక్షరాలు, పెద్ద బటన్లు ఉన్న ఒక చవక ఫోను గురించి ఆయన రాశారు. ఊళ్లలో ఉండే పెద్దవాళ్లకు బాగా పనికొస్తుందని, ఒకసారి ఛార్జి చేస్తే రెండు రోజులు వస్తుందని ఆ వ్యాసం చెప్పింది. చాలామంది చదివారు. తుర్కయంజాల్ నుంచి ఒక పాఠకుడు ఊళ్లో ఉన్న తన తల్లికి ఆ ఫోను కొనిచ్చి, నాకు ఫిర్యాదు పంపారు. ఆ ఊళ్లో సిగ్నల్ బలహీనం. ఫోను రోజంతా సిగ్నల్ వెతుక్కుంటూ బ్యాటరీని తినేస్తోంది. మీరు ఊరికి అన్నారు, ఊళ్లో చూశారా, అన్నది ఆయన ప్రశ్న.

పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మా ప్రతి సమీక్ష చివర 'మేము చూడనివి' అనే భాగం ఉంటుంది. వస్తువులో ఏది పరీక్షించామో చెప్పడం అందరూ చేస్తారు, ఏది పరీక్షించలేదో చెప్పడం ఆయన పెట్టిన మర్యాద. నిజానికి ఆయన చూడకుండా వదిలేవి తక్కువే. ఏ ఫోను చేతికొచ్చినా కొన్నాళ్లు ఇక్కడ వాడి, తరువాత ఎల్‌బీ నగర్ చౌరస్తాలో నల్లగొండ బస్సెక్కి తమ ఊరికి తీసుకుపోయి అక్కడా వాడి చూసేవారు. "దిల్‌సుఖ్‌నగర్ల ప్రతి ఫోను మంచిదే మేడం, ఈడ టవర్ నెత్తి మీదుంది. మా ఊర్ల మా అమ్మ చేతిలుంటే దాని అసలు సంగతి తెలుస్తది," అనేవారు. చివరి వ్యాసంలోని 'మేము చూడనివి' భాగంలో ఊరి మాట లేదు.

నియమం ప్రకారం రాసి అడిగాను: ఈ ఫోనును ఎక్కడెక్కడ పరీక్షించారు? జవాబు వచ్చింది: ఆఫీసులోనే. ఈసారి ఊరికి పోలేదు.

ఎందుకు పోలేదని నేను అడగలేదు. ఫిర్యాదు తేల్చడానికి ఆ ప్రశ్న అవసరం లేదు. అప్పుడు అలా అనుకున్నాను, ఇప్పుడూ అలాగే అనుకుంటున్నాను. కాఫీ తాగే రోజుల్లోనైతే ఆ ప్రశ్న దానంతట అదే వచ్చేది. ఆ ఆలోచన మాత్రం నన్ను వదలడం లేదు.

విచారణ సాగిన ఆ చివరి వారమంతా ఆయన నాతో అన్నది "నిండింది మేడం" అన్న మాటే. మాకు తగవు అయిందని వీధి అనుకున్నది ఈ మౌనాన్ని చూసే. పక్కింటావిడ కూరగాయల బండి దగ్గర నా మొహం మీదే అడిగింది: "ఓనరమ్మా, మీకూ ఆయనకూ మాటల్లేవంట గదా?" లేవని చెప్పాను. ఎందుకు లేవో ఆమెకు చెప్పవలసిన అవసరం కనిపించలేదు. మీకు చెప్పవలసిన అవసరం ఉంది.

దినాలు అయ్యాక ఆయన తమ్ముడు సామాను తీసుకుపోవడానికి వచ్చారు. లారీ నడుపుతారు. అన్న పోలికలే, గొంతు మాత్రం పెద్దది. వరండాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. ఒక గుక్క తాగి, గ్లాసులోకి చూస్తూ అన్నారు.

"గిదేనా కషాయం? మా అన్న ఊరికొస్తే ఇదే ముచ్చట జెప్పేటోడు."

"ఏమని చెప్పేవారు?"

"బాగుంటదనే చెప్పేటోడు మేడం. మేడంకు చెప్పకుండ్రి, ఇంక పరీక్షిస్తున్న అనేటోడు."

నేను లోపలికి వెళ్లి, కాస్త ఆలస్యంగా బయటికి వచ్చాను. ఆయన అసలు సంగతికి వచ్చారు.

"మా అన్న రాత మీద ఫిర్యాదున్నదట. మీ దగ్గరున్నదట. దాన్ని కొట్టెయ్యిన్రి."

"దాని మీద విచారణ ముగియలేదండీ."

"విచారణ ఎవల మీద మేడం? మనిషే లేడు. ఆయన ఊరికి ఎందుకు రాలేదో మీకెర్కనా? బస్సెక్కొద్దన్నడు డాక్టర్. గుండెకు మంచిది కాదన్నడు. మాకు గూడ మొన్న దవాఖాన కాయితాలు చూస్తేనే తెల్సింది. పానం బాగలేక రాలేదు గాని, కావాలని చేసిండా?"

నాకు అప్పుడు తెలిసింది.

"మా అమ్మకు చదువురాదు," అన్నారు ఆయన, ఈసారి గొంతు తగ్గించి. "గా రాతను ఫోన్ల పెట్టుకోని వచ్చినోళ్లందరికి చూపెడ్తది. నా కొడుకు ఆఖరుకు రాసింది, చదివి వినిపియ్యిన్రి అంటది. పైన తప్పు అని మీరు రాస్తే, చదివెటోడు ఆణ్నుంచే మొదలువెడ్తడు. పోయినోని మీద తప్పులు పట్టుడేంది మేడం? మీరు పెద్దోళ్లు. జర ఆలోచన చెయ్యిన్రి."

ఆలోచిస్తానని చెప్పాను. ఆ మాట నిజంగానే అన్నాను. ఆయన సామాను ఆటోలో ఎక్కించుకుని వెళ్లిపోయారు. మూడో మెట్టు మీద చెప్పులు అలాగే ఉండిపోయాయి. తీసుకుపొమ్మని పిలవలేదు.

రెండు రోజులకు తుర్కయంజాల్ పాఠకుడు కూడా ఫోను చేశారు.

"మేడం, పెద్దమనిషి పోయిండని సైటుల చూసిన. నా ఫిర్యాదు వాపస్ తీస్కుంటున్న. మనసుకు మంచిగనిపిస్తలేదు."

"మీ అమ్మగారి ఫోను ఇప్పుడు ఎలా పనిచేస్తోంది?"

"ఏడ మేడం. పొద్దుగాల నింపితే పొద్దుమీకేసరికి బంద్ అయితది. మొన్న జరమొస్తే మాకు ఫోను జెయ్యరాలేదు ఆమెకు. పక్కింటోళ్లు చేసిన్రు."

"మరి దేన్ని వాపసు తీసుకుంటున్నారండీ?"

వాపసు తీసుకునే హక్కు ఆయనకుంది. ఇలాంటిదే మరొక సందర్భంలో మా సంపాదకుడు అన్న మాట నాకు గుర్తుంది: "ఫిర్యాదు వాపస్ పోతది మేడం. తప్పు ఏడికి పోతది? ఆడనే ఉంటది."

తప్పు అక్కడే ఉంది. ఆ వ్యాసం చదివి ఇప్పటికీ తమ తల్లులకు ఆ ఫోను కొంటున్నవారున్నారు. ఆయన మీద ప్రేమతో దాన్ని అలాగే వదిలేయమని ఇద్దరు మంచి మనుషులు నన్ను అడిగారు. అడగడంలో వారి దోషం లేదు. కాని కళాశాలలో ఉన్నన్నాళ్లూ నా నిర్ణయాలకు నేను ఎవరినీ తోడు అడగలేదు. ఈ వయసులో కొత్తగా అడగదలచుకోలేదు. ఒక్కరినే అడగాలనిపించింది. ఆయనను అడగకూడదని ఆయనే చెప్పి ఉన్నారు.

సవరణలో కారణం రాయకూడదన్నది ఆయన నియమాల్లో చివరిది. "కారణం మన ఇంటి సంగతి మేడం. తప్పు పాఠకుల సంగతి. రెండు కలిపితే తప్పు రాసినోడు పెద్దమనిషి అయితడు, ఫోను కొన్నోడు ఏమైపోతడు?" అందుచేత డాక్టరు మాట సవరణలో లేదు. ఆ మాటకు చోటు ఇదే. ఆయన ఊరికి వెళ్లకపోవడం బద్ధకం వల్ల కాదు. వెళ్లలేకపోయారు, ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. ఎప్పుడో ఒకరు ఆ తల్లికి ఆ వ్యాసాన్ని పైనుంచి చదివి వినిపిస్తారు. అలా చదివేవారికి నా మనవి ఒక్కటే: ఆ తరువాత దీన్ని కూడా చదివి వినిపించండి.

ఈ రాత మీ ముందుకు రాకమునుపే ఆ పని పూర్తిచేశాను. ఈ మధ్యాహ్నం ఆయన చివరి వ్యాసం నెత్తిన సవరణ పెట్టాను. 'ఈ ఫోనును దిల్‌సుఖ్‌నగర్‌లో మాత్రమే పరీక్షించాం. సిగ్నల్ బలహీనంగా ఉండే ఊళ్లలో పరీక్షించలేదు. అక్కడ ఇది ఒక పగలు మించి రావడం లేదని ఒక పాఠకుడు తెలియజేశారు. ఊళ్లకు పనికొస్తుందని రాయడం పొరపాటు. ఫిర్యాదు సరైనది.' అంతే. ఎవరినీ అడగలేదు, ఎవరికీ ముందుగా చెప్పలేదు.

ఫిర్యాదు తేలింది కాబట్టి, సాయంత్రం మోటారు వేసి, డికాక్షన్ దిగాక చెంచా తీసుకుని మెట్ల దగ్గరికి వెళ్లి కమ్మీ మీద కొట్టాను. చప్పుడు ఎప్పటిలాగే పైదాకా వెళ్లింది. కాసేపటికి ట్యాంకు పొంగి, నీళ్లు పై మెట్టు నుంచి ఒక్కొక్క మెట్టే దిగుతూ, మూడో మెట్టు మీది చెప్పులను తడుపుతూ నా కాళ్ల దగ్గరికి వచ్చాయి. వెళ్లి మోటారు కట్టేశాను.